రోబో చేతికి సక్షన్ గ్రిప్పర్ పెట్టాం, మధ్యాహ్నం అయ్యేసరికి కారం పెట్టెలు జారి పడుతున్నాయి

గుంటూరు మెయింటెనెన్స్:

అందరికీ నమస్కారమండి. నేను గుంటూరు దగ్గర ఒక కారం, మసాలా పొడుల ప్యాకింగ్ యూనిట్‌లో మెయింటెనెన్స్ చూస్తాను. ఐటీఐ ఫిట్టర్ చేశాను. పదకొండేళ్ల నుంచి పౌచ్ మెషీన్లు, కన్వేయర్లు, కంప్రెసర్ అన్నీ నేనే చూసుకుంటున్నాను. రోబో మాత్రం నాకు కొత్త.

నాలుగు నెలల కిందట మా ఓనర్ గారు ఒక కోబాట్ (మనుషుల పక్కనే పనిచేసేలా చేసిన రోబో) కొన్నారు. ఆరు కీళ్ల చెయ్యి, 10 కిలోల వరకు మోస్తుంది. దానికి అప్పజెప్పిన పని ఒక్కటే. కన్వేయర్ చివరికి వచ్చిన అట్టపెట్టెను ఎత్తి ప్యాలెట్ మీద వరసగా పేర్చాలి. ఒక్కో పెట్టెలో 200 గ్రాముల కారం ప్యాకెట్లు 30 ఉంటాయి. పెట్టెతో కలిపి తూకం వేస్తే 6 కిలోల 400 గ్రాములు వచ్చింది. రోబో దిగినప్పుడు ఒట్టి చెయ్యే దిగింది. మణికట్టు దగ్గర ఒక గుండ్రటి ఫ్లాంజ్, దానికి నాలుగు బోల్టు రంధ్రాలు, పక్కన ఒక చిన్న కనెక్టర్, అంతే. పట్టుకునే సామానంతా విడిగా కొనుక్కోవాలని అప్పుడే తెలిసింది. బిగించడానికి వచ్చినవాళ్లు ఒక అల్యూమినియం ప్లేటు, దానికి నాలుగు 40 మి.మీ. సక్షన్ కప్పులు, కప్పుల్లోంచి గాలి పీల్చే ఒక ఎజెక్టర్, ఒక చిన్న ఫిల్టర్ పెట్టారు. రెండు రోజులు నడిపి చూపించి వెళ్లిపోయారు. ఇప్పుడు ఫోన్ చేస్తే, స్పీడ్ తగ్గించుకోండి అంటున్నారు.

సమస్య ఏంటంటే, పొద్దున ఎనిమిదింటికి మొదలుపెడితే పదకొండు, పన్నెండు వరకు బాగానే పనిచేస్తుంది. భోజనాల వేళ దగ్గర పడేసరికి పెట్టెలు పడటం మొదలవుతుంది. ముందు గంటకి ఒకటి, తర్వాత ఇరవై నిమిషాలకి ఒకటి. మూడు గంటలకి నేనే ఆపేస్తున్నాను. పడిన పెట్టెలో రెండు మూడు ప్యాకెట్లు పగిలితే ఆ హాల్లో ఎవరూ నిలబడలేరు. కళ్లు మంటలు, దగ్గులు. ప్యాకింగ్ అక్కలు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తాల్సి వస్తోంది.

ఓనర్ గారు ఈ నెలాఖరు వరకు చూస్తానన్నారు. కుదరకపోతే తీసి పక్కన పెట్టేసి మళ్లీ మనుషుల్నే పెడతానంటున్నారు. నాకు అదే బాధగా ఉంది. ఇంతకుముందు ఆ ప్యాలెట్ దగ్గర మా బాబాయ్ ఒకాయన పనిచేసేవారు. సొంత బాబాయ్ కాదు, అందరం అలాగే పిలుస్తాం. షిఫ్టుకి సుమారు 1,400 పెట్టెలు. లెక్క వేస్తే రోజుకి దాదాపు 9 టన్నులు ఆయన చేతుల మీదుగా వెళ్లేవి. పై వరసలు భుజం కంటే ఎత్తులో పేర్చాలి. పోయిన ఏడాది నడుము పట్టేసి నెలన్నర మంచం మీద ఉన్నారు. ఇప్పుడు లేబుల్ చెకింగ్‌లో కూర్చుంటున్నారు. ఆయన్ని మళ్లీ ఆ ప్యాలెట్ దగ్గరికి పంపే పరిస్థితి రాకూడదని నా పట్టుదల.

కప్పులు మార్చాలా? ఎజెక్టర్ మార్చాలా? అసలు సక్షన్ వద్దని రెండు పక్కల నుంచి పట్టుకునే గ్రిప్పర్ పెట్టాలా? ఏం కొనాలన్నా ఒక్కసారే అడగగలను, రెండోసారి ఓనర్ గారి దగ్గరికి వెళ్లలేను. తెలిసినవాళ్లు చెప్పండి.

బాలానగర్ టూల్‌రూమ్:

తమ్ముడూ, కొనడం సంగతి తర్వాత. ముందు మూడు విషయాలు చూసి చెప్పు.

ఒకటి. పెట్టె ఎప్పుడు పడుతోంది? పైకి ఎత్తేటప్పుడా, పక్కకి తిప్పేటప్పుడా, కింద పెట్టేటప్పుడా? ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూడు. ఊహించి చెప్పకు.

రెండు. గాలి ఒత్తిడి ఎక్కడ చూస్తున్నావు? కంప్రెసర్ మీది గేజ్ చూస్తే లాభం లేదు. ఎజెక్టర్‌కి గాలి వెళ్లే చోట ఒక టీ జాయింట్ వేసి అక్కడ గేజ్ పెట్టు. అలాగే కప్పుల వైపు పైపులో ఒక వాక్యూమ్ గేజ్. రెండూ కలిపి పెద్ద ఖర్చు కాదు. పొద్దున ఎనిమిదింటికి ఒకసారి, మధ్యాహ్నం ఒంటిగంటకి ఒకసారి రాసుకో.

మూడు. ఎజెక్టర్ సైలెన్సర్ విప్పి చూడు. మీది కారం ఫ్యాక్టరీ. అక్కడే నాకు అనుమానం.

ఎజెక్టర్ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అందులో మోటారు, పంపు ఏమీ ఉండవు. కంప్రెసర్ గాలి ఒక సన్నని రంధ్రంలోంచి జోరుగా దూసుకుపోతుంది. ఆ జోరుకి పక్కనున్న గాలి కూడా దాంతోపాటు లాక్కుపోబడుతుంది. ఆ పక్క గాలే మన కప్పుల్లోంచి వచ్చేది. ఈ రెండు గాలులూ కలిసి సైలెన్సర్ గుండా బయటికి పోతాయి. అంటే కప్పు పీల్చిన దుమ్మంతా ఫిల్టర్‌లో ఆగాలి. ఆగలేదంటే పోయి సైలెన్సర్‌లో కూరుకుంటుంది. సైలెన్సర్ మూసుకుంటే గాలి బయటికి పోలేక వెనక్కి తంతుంది, వాక్యూమ్ పడిపోతుంది. మా దగ్గర ఒక చెక్కపొడి కేసులో సరిగ్గా ఇదే జరిగింది. ఎజెక్టర్ పాడైందని రెండు కొత్తవి మార్చారు. పాడైంది ఎజెక్టర్ కాదు, దాని మూతి.

ముందు ఈ మూడూ చెప్పు, తర్వాత మాట్లాడదాం.

మెకట్రానిక్స్ మూడో సంవత్సరం:

అన్నా, నాకు ఫ్యాక్టరీ అనుభవం లేదు, కాలేజీలో చదువుతున్నాను. ఒక ఆలోచన చెప్పనా? 2010లో కార్నెల్, షికాగో యూనివర్సిటీల పరిశోధకులు, ఐరోబోట్ కంపెనీ వాళ్లు కలిసి ఒక గ్రిప్పర్ చేశారు. బెలూన్ లాంటి రబ్బరు సంచిలో కాఫీ పొడి నింపుతారు. సంచిని వస్తువు మీద నొక్కితే పొడి ఆ ఆకారానికి సర్దుకుంటుంది. లోపలి గాలి లాగేస్తే పొడి గట్టిపడి వస్తువుని పట్టేసుకుంటుంది. మేము ల్యాబ్‌లో ఒక బెలూన్‌తో చేసి చూశాం. ఇడ్లీ గిన్నె మూత, బల్బు, తాళంచెవి, ఏదిచ్చినా ఎత్తింది. వేళ్లు లేవు, సెన్సర్లు లేవు. మీ పెట్టెలకి పనికొస్తుందా?

బాలానగర్ టూల్‌రూమ్:

బాబూ, నువ్వు చేత్తో చేసి చూశావు చూడు, అది చాలా మంచి పని. కానీ ఈ పెట్టెకి అది నప్పదు. ఆ సంచి వస్తువు చుట్టూ కొంచెమైనా కిందికి దిగి అల్లుకోవాలి. పెట్టె పై ముఖం బల్లపరుపుగా ఉంటుంది, అల్లుకోవడానికి అంచు దొరకదు. పైగా 6 కిలోల బరువు, షిఫ్టుకి 1,400 సార్లు. రబ్బరు ఎన్నాళ్లు నిలుస్తుంది? ఆకారం ఒక్కోటి ఒక్కోలా ఉండే చిన్న వస్తువులైతే నువ్వన్నది ఆలోచించొచ్చు. ఇక్కడ అన్నీ ఒకే పెట్టెలు. ఆకారంతో ఇబ్బంది లేదు, అట్టతోనే ఇబ్బంది.

గుంటూరు మెయింటెనెన్స్:

అన్నా, మీరు చెప్పినట్టే చేశాను. రెండు రోజులు పట్టింది, అందుకే ఆలస్యం.

వీడియోలో స్పష్టంగా కనపడింది. పైకి ఎత్తేటప్పుడు ఒక్కటి కూడా పడలేదు. చెయ్యి ప్యాలెట్ వైపు తిరగడం మొదలైన క్షణంలో పెట్టె వెనకబడుతోంది. ముందు ఒక పక్క కప్పుల పెదవి ముడతపడుతోంది, ఆ మూల లేస్తుంది, ఆ తర్వాత పెట్టె మొత్తం పక్కకి జారి పడుతోంది. నేను ఇన్నాళ్లూ ఎత్తే బలం చాలట్లేదనుకున్నాను.

గేజ్ రీడింగులు. పొద్దున ఎనిమిదింటికి ఎజెక్టర్ దగ్గర గాలి 5.6 బార్, కప్పుల దగ్గర మైనస్ 26 కిలోపాస్కల్ (అంటే బయటి గాలి ఒత్తిడి కంటే అంత తక్కువ). మధ్యాహ్నం ఒంటిగంటకి గాలి 4.2 బార్, కప్పుల దగ్గర మైనస్ 18. అదే సమయంలో కంప్రెసర్ మీది గేజ్ చూస్తే 6 బార్ దగ్గరే ఉంది. ఎందుకని లైను పట్టుకుని వెళ్లి చూశాను. రోబోకి గాలి ఇచ్చింది నాలుగో పౌచ్ మెషీన్ తర్వాత, లైను చిట్టచివర, 6 మి.మీ. పైపుతో. పొద్దున రెండు పౌచ్ మెషీన్లే నడుస్తాయి. పది దాటాక నాలుగూ నడుస్తాయి. వాటి సిలిండర్లు తాగినంత తాగి, మిగిలింది రోబోకి వస్తోంది.

ఇక సైలెన్సర్. కొత్తది తెల్లగా, స్పాంజిలా ఉంటుంది. మాది విప్పితే ఇటుక రంగులో ఉంది. వేలితో గీరితే తడి కారం పేస్టులా వచ్చింది. లైనులోంచి వచ్చిన నీరు, కారం కలిసి గడ్డ కట్టాయి. నోటితో ఊదుదామని దగ్గరికి తెచ్చేసరికి కళ్లలో నీళ్లు వచ్చేశాయి. అది తీసేసి ఒట్టి రంధ్రంతో నడిపితే, అదే 4.2 బార్ మీద, మైనస్ 18 కాస్తా మైనస్ 21 అయింది.

అంటే గాలి తక్కువ, మూతి మూసుకుంది, రెండూ ఉన్నాయి. కానీ ఈ రెండూ సరిచేసినా మైనస్ 26 దగ్గరే ఆగుతుంది కదా. ఎజెక్టర్ డబ్బా మీద మైనస్ 85 అని రాసి ఉంది. అంత ఎందుకు రావట్లేదు?

స్టట్‌గార్ట్ నుంచి:

నమస్తే అండి. నేను జర్మనీలో గ్రిప్పర్ల అప్లికేషన్ పని చేస్తాను. మాది నెల్లూరు. మీరు రాసిన రీడింగులు చూసి చాలా సంతోషం వేసింది. ఇక్కడ కస్టమర్లు కూడా ఇంత శ్రద్ధగా రాసి పంపరు.

ముందు మైనస్ 85 సంగతి. అది గాలి దూరని గాజు, ఇనుప రేకు మీద వచ్చే అంకె. అట్టలోంచి గాలి దూరుతుంది. కప్పు కింద మీరు ఒక పక్క పీలుస్తుంటే, ఇంకో పక్క అట్ట సందుల్లోంచి, పెదవి కిందనుంచి గాలి వస్తూనే ఉంటుంది. పీల్చేది, దూరేది సమానమైన చోట గేజ్ ఆగుతుంది. మీకది 26 దగ్గర ఆగింది. అందుకని అట్టపెట్టెలకి ఎజెక్టర్ ఎంచుకునేటప్పుడు ఎంత లోతు వాక్యూమ్ ఇస్తుందని చూడకూడదు. నిమిషానికి ఎన్ని లీటర్ల గాలి లాగుతుందో చూడాలి. లోతు ఎక్కువ, లీటర్లు తక్కువ ఉన్న ఎజెక్టర్ గాజుకి మంచిది, అట్టకి కాదు. మీకు పెట్టింది ఆ రకమే అనిపిస్తోంది.

ఇప్పుడు లెక్క. కాగితం మీద మీరు కూడా వేసి చూడండి.

40 మి.మీ. కప్పు వైశాల్యం సుమారు 12.6 చదరపు సెం.మీ. మైనస్ 26 మీద ఒక్కో కప్పు 3.3 కిలోల బలంతో పట్టుకుంటుంది. నాలుగూ కలిపి 13.3 కిలోలు. పెట్టె 6.4 కిలోలే కాబట్టి రెండింతలు ఉందనిపిస్తుంది. ఎత్తడానికి నిజంగానే సరిపోతుంది.

కానీ చెయ్యి పక్కకి విసురుగా కదిలినప్పుడు పెట్టె వెనక్కి లాగుతుంది. ఆ లాగుడిని ఆపేది కప్పు రబ్బరుకీ అట్టకీ మధ్య ఉన్న రాపిడి మాత్రమే. ఆ రాపిడి గుణకం 0.5 అనుకుందాం, దుమ్ము ఉంటే ఇంకా తక్కువే. అంటే పక్కకి లాగే బలానికి రెండింతలు మనం పైకి పీల్చి ఉంచాలి. వేగం ప్రతి సెకనుకీ, సెకనుకి 5 మీటర్ల చొప్పున పెరుగుతుందనుకుంటే, పెట్టె బరువు, ఈ పక్క లాగుడు కలిపి 12.9 కిలోల బలం కావాలి. పొద్దున మీ దగ్గర ఉన్నది 13.3. అంటే అరకిలో తేడాతో గట్టెక్కుతోంది. మధ్యాహ్నం మైనస్ 18 మీద ఉన్నది 9.2 కిలోలు. ఎత్తడానికి చాలు, తిప్పడానికి చాలదు. మీ వీడియోలో కనపడింది ఇదే.

మామూలుగా ఈ లెక్కకి రెండింతలు భద్రత వేసుకుంటాం. అంటే మీకు కావలసింది 26 కిలోల దాకా. అదే మైనస్ 25 మీద 60 మి.మీ. కప్పులు నాలుగు పెడితే 28.8 కిలోలు వస్తుంది. కానీ ఒక్క జాగ్రత్త. కప్పు పెద్దదైతే దాని కింద అట్ట కూడా ఎక్కువే కాబట్టి దూరే గాలి కూడా పెరుగుతుంది. పాత ఎజెక్టర్ మీద కప్పులు మాత్రమే మారిస్తే మైనస్ 25 కాస్తా మైనస్ 15 కావచ్చు. రెండూ కలిపి మార్చాలి.

ఇంకొకటి అడగాలి. పెట్టె పైన టేపు ఎక్కడ వస్తుంది? కప్పులు ఆ టేపు మీద పడుతున్నాయా?

గుంటూరు మెయింటెనెన్స్:

అక్కా, చాలా థాంక్స్. లెక్క నోటుబుక్కులో మూడుసార్లు వేశాను. మూడోసారికి మీ అంకె వచ్చింది.

టేపు పెట్టె మధ్యలో పొడవునా వస్తుంది. మీరడిగాక వెళ్లి కొలిచాను. నాలుగు కప్పుల్లో రెండు సరిగ్గా టేపు అంచు మీద కూర్చుంటున్నాయి. టేపు అంచు దగ్గర సన్నటి మెట్టు ఉంటుంది కదా, వేలుగోరుతో తడిమితే తెలుస్తోంది. సబ్బు నురగ పూసి చూస్తే ఆ మెట్టు వెంట నురగ లోపలికి పీల్చుకుపోవడం కంటికే కనపడింది. పెట్టెలో ప్యాకెట్లు నిండుగా ఉండటం వల్ల పై అట్ట కూడా మధ్యలో కొంచెం ఉబ్బుగా ఉంది.

స్టట్‌గార్ట్ నుంచి:

అయితే సగం గాలి అక్కడే పోతోంది. కప్పుల్ని టేపుకి రెండు పక్కలా జరపండి. టేపు అంచుకి కప్పు పెదవికి మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఉండాలి. పై అట్ట ఉబ్బుగా ఉంటే చదును కప్పు వద్దు, ఒకటిన్నర మడతల బెల్లోస్ కప్పు తీసుకోండి. అకార్డియన్ లాగా ఒదిగి, ఉబ్బు మీద కూడా పెదవి అంతా ఆనుతుంది. అంతకంటే ఎక్కువ మడతలు తీసుకోకండి, పక్కకి తిప్పేటప్పుడు పెట్టె ఊగుతుంది.

నాలుగు కప్పులకీ ఒకే పైపు వెళ్తే, ఒక్క కప్పు లీకైనా నాలుగూ బలహీనపడతాయి. వీలైతే రెండేసి కప్పులకి ఒక ఎజెక్టర్ పెట్టండి. రెండు చిన్నవి పెట్టడం ఒక పెద్దదానికంటే నయం. ఎజెక్టర్లని రోబో కాళ్ల దగ్గర పెట్టకుండా మణికట్టుకి వీలైనంత దగ్గరగా పెట్టండి. పైపు పొడవు తగ్గితే పెట్టె పట్టుకునే సమయం తగ్గుతుంది, దారిలో నష్టం కూడా తగ్గుతుంది.

సైలెన్సర్ విషయంలో టూల్‌రూమ్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దుమ్ము ఉన్నచోటికి తెరిచిన గొట్టంలా ఉండే సైలెన్సర్ దొరుకుతుంది, అందులోంచి దుమ్ము నేరుగా బయటికి పోతుంది, కూరుకోదు. అయితే మీది కారం కాబట్టి ఆ గాలిని హాల్లోకి వదలొద్దు. లావు పైపు ఒకటి తగిలించి దుమ్ము పీల్చే డక్ట్‌లోకి పంపండి. సన్నని పైపు పెడితే మళ్లీ మూతి మూసినట్టే అవుతుంది.

బాలానగర్ టూల్‌రూమ్:

అమ్మాయి చెప్పిన దాంట్లో ఒక్క మాట తీసేయడానికి లేదు. నేను చేతిపని వైపు నుంచి మిగిలినవి చెబుతాను.

బరువు సంగతి మర్చిపోకు తమ్ముడూ. రోబో 10 కిలోలంటే పెట్టె 10 కిలోలని కాదు. ప్లేటు, కప్పులు, ఎజెక్టర్లు, బోల్టులు, వేలాడే పైపు, అన్నీ ఆ పదిలోనే. కొత్త ప్లేటు చేయించేటప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో 12 మి.మీ. మందం ఇచ్చేస్తారు, గట్టిగా ఉంటుందని. 8 చాలు, అవసరం లేని చోట రంధ్రాలు కొట్టించు. ఫ్లాంజ్ కొలతలు చాలా కోబాట్లకి ఐఎస్ఓ 9409-1 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే వస్తాయి. మీ సైజుకి సాధారణంగా 50 మి.మీ. వలయం మీద నాలుగు ఎం6 రంధ్రాలు, ఒక 6 మి.మీ. డోవెల్ రంధ్రం ఉంటుంది. మాన్యువల్ చూసి ఖాయం చేసుకో. ఆ డోవెల్ పిన్ను మాత్రం తప్పకుండా వేయించు. అది లేకపోతే ప్లేటు విప్పి బిగించిన ప్రతిసారీ ఒక వెంట్రుక వాసి తిరుగుతుంది, పెట్టెలు వంకరగా పేరుస్తావు.

ప్లేటు మార్చాక కంట్రోలర్‌లో కొత్త బరువు, బరువు మధ్యబిందువు, టూల్ కొన మూడూ మళ్లీ ఇవ్వాలి. ఖాళీ చేతికి ఒకటి, పెట్టెతో ఒకటి. చాలామంది ఇది వదిలేస్తారు. తప్పు బరువు ఇస్తే రోబో తన చేతికి ఏదో అడ్డం తగిలిందనుకుని ఊరికే ఆగిపోతుంది. లేదా నిజంగా మనిషి తగిలినా ఆలస్యంగా తెలుసుకుంటుంది. రెండోదే ప్రమాదం.

వాక్యూమ్ స్విచ్ ఉందా మీ దగ్గర? వీడియోలో నాకు కనపడలేదు. ఉంటే దాని వైరు మణికట్టు కనెక్టర్‌కి కలిపి, ఇంత వాక్యూమ్ వచ్చాకే కదులు, మధ్యలో తగ్గితే నెమ్మదించి కింద పెట్టు అని ప్రోగ్రామ్‌లో రాయొచ్చు. లేకపోతే రోబో గుడ్డిగా అరసెకను ఆగి లేపేస్తుంది.

కరెంటు పోతే ఏమవుతుందో కూడా ఆలోచించు. కరెంటు లేనప్పుడు మూసుకునే వాల్వు ఉంటే, కరెంటు పోయిన క్షణమే ఎజెక్టర్‌కి గాలి ఆగి పెట్టె పడుతుంది. కరెంటు లేనప్పుడు తెరిచి ఉండే వాల్వు పెట్టు. ట్యాంకులో గాలి ఉన్నంతసేపు పట్టుకుని ఉంటుంది, ఈలోగా మనుషులు పక్కకి జరగొచ్చు. గాలిని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వు పెడితే చాలని కొందరంటారు. గాజుకి చాలు. అట్ట అయితే కప్పు కిందనుంచే గాలి దూరుతుంది కాబట్టి చెక్ వాల్వు ఏమీ ఆపలేదు.

చివరిగా, కోబాట్ కదా కంచె అక్కర్లేదు అని ఎవరైనా అంటే వినకు. చెయ్యి మెత్తగా ఆగుతుందేమో గానీ, దాని చివర నువ్వు తగిలించిన అల్యూమినియం ప్లేటు మూల మనిషి మొహం ఎత్తులో తిరుగుతోంది. కోబాట్ల భద్రత గురించి 2016లో వచ్చిన ఐఎస్ఓ/టీఎస్ 15066లో ఒంట్లో ఏ భాగానికి ఎంత దెబ్బ వరకు ఓర్చుకోగలమో పట్టిక ఇచ్చారు. అవన్నీ టూల్‌తో, పెట్టెతో కలిపి చూడాలి, ఒట్టి చేతికి కాదు. ప్లేటు మూలలు గుండ్రంగా చేయించి ఫోమ్ అంటించు. అక్కలు నడిచే వైపు, మనిషి దగ్గరికొస్తే గుర్తించే ఏరియా స్కానర్ పెట్టిస్తే ఇంకా మంచిది. ఓనర్ గారి దగ్గరికి ఒక్కసారే వెళ్లగలనన్నావు కాబట్టి ఇది కూడా ఆ కాగితంలోనే రాయి.

గుంటూరు మెయింటెనెన్స్:

అందరికీ అప్‌డేట్ ఇస్తున్నాను. మూడు వారాలైంది.

ఓనర్ గారికి కాగితం మీద రీడింగులు, అక్క వేసిన లెక్క, ఎరుపెక్కిన సైలెన్సర్ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి తీసుకెళ్లాను. ఆయన కవర్ విప్పి వాసన చూసి వెంటనే పక్కన పెట్టేశారు. తర్వాత లెక్క మొత్తం చదివారు. స్కానర్‌తో సహా ఒప్పుకున్నారు.

గాలి లైను ముందు చేశాం. ఎయిర్ ట్యాంకు దగ్గరి నుంచి నేరుగా రోబో వరకు విడిగా 12 మి.మీ. పైపు లాగాం, మధ్యలో నీళ్లు పట్టే ఫిల్టర్ పెట్టాం. నాలుగు పౌచ్ మెషీన్లు నడుస్తున్నా ఎజెక్టర్ దగ్గర 5.5 బార్ కదలట్లేదు. కప్పులు 60 మి.మీ. బెల్లోస్ నాలుగు, టేపుకి రెండు పక్కలా. ఎక్కువ గాలి లాగే ఎజెక్టర్లు రెండు, మణికట్టు పక్కనే. ఫిల్టర్ల గిన్నెలు పారదర్శకంగా ఉన్నవి తీసుకున్నాను. ఎర్రగా అయితే దూరం నుంచే కనపడుతుంది, షిఫ్టు మారేటప్పుడు కడిగేస్తున్నాం. వదిలే గాలి లావు పైపు గుండా దుమ్ము డక్ట్‌లోకి వెళ్తోంది. ఇప్పుడు రోబో పక్కన నిలబడితే దగ్గు రావట్లేదు.

ప్లేటు ఆటోనగర్‌లో 8 మి.మీ.తో చేయించాను, డోవెల్‌తో. గ్రిప్పర్ మొత్తం తూకం 2 కిలోల 900 గ్రాములు, పెట్టెతో 9.3. బరువు, మధ్యబిందువు రెండూ కంట్రోలర్‌లో మళ్లీ ఇచ్చాను. అంతకుముందు బిగించినవాళ్లు ఇచ్చిన బరువు చూస్తే, ఎన్ని కిలోల పెట్టె అని ఎవరూ అడగకుండానే 5 అని పెట్టేశారు. రోజుకి నాలుగైదు సార్లు కారణం లేకుండా ఆగేది, ఇప్పుడు ఆగట్లేదు.

వాక్యూమ్ స్విచ్ కూడా కలిపాను. మైనస్ 22 రాకపోతే పెట్టె లేపదు. ఇప్పుడు పొద్దున్నా మధ్యాహ్నమైనా మైనస్ 28 దగ్గర నిలబడుతోంది. పన్నెండు రోజుల్లో పడింది ఒక్క పెట్టె. అది కూడా టేపు సరిగ్గా అంటని పెట్టె. పై మూత తెరుచుకుని పడింది, కప్పులు మాత్రం ఆ మూతని వదల్లేదు.

బాబాయ్ నిన్న ప్యాలెట్ దగ్గరికి వచ్చి చాలాసేపు నిలబడి చూశారు. తొమ్మిదో వరస పేర్చేటప్పుడు తన చెయ్యి భుజం మీద పెట్టుకుని, "ఇక్కడే పట్టేసేదిరా" అన్నారు.

స్టట్‌గార్ట్ నుంచి:

చదివి కళ్లు చెమర్చాయండి. ఆ ఒక్క పెట్టె సంగతి మాత్రం వదిలేయకండి. పై మూతని మాత్రమే పట్టుకుని లేపుతున్నాం కాబట్టి బరువంతా టేపు మోస్తోంది. టేపు మెషీన్ వాళ్లతో మాట్లాడి రెండు చివర్లలో టేపు కిందికి ఎంత పొడవు దిగుతోందో కొలవండి. 5 సెం.మీ. కంటే తక్కువుంటే పెంచమనండి. అది కుదరకపోతే పెట్టె అడుగుకి ఆసరాగా ఒక చిన్న సిలిండర్‌తో కొక్కెం పెట్టొచ్చు. కానీ మీకు మిగిలింది 700 గ్రాములే కాబట్టి ముందు టేపే చూడండి.

గుంటూరు మెయింటెనెన్స్:

ఇప్పుడే కొలిచి వచ్చాను అక్కా. ఒక పక్క 6, ఇంకో పక్క 3. టేపు మెషీన్ కత్తి మొద్దుబారి అటు పక్క ముందే తెంపేస్తోంది. కత్తి రేపు పొద్దున మారుస్తాను.